సరకుల యోడలో భిక్షువు

సముద్రయానము ద్విజులకు తగునా తగదా యని పందొమ్మిదవ శతాబ్ది చివర మన దేశమున పెద్ద వాదములు జరిగినవి. 1888 లో మోహనదాసు గాంధి చదువునకై ఇంగ్లండునకు బోవ నిశ్చయింపగా బొంబాయియందలి యాతని కులపెద్దలు వెలివేసిరి. ఆ కాలపు వాదములలో నుభయపక్షములవారును స్మృతివాక్యములనే ముందుంచుకొనిరి. ఒకరు బౌధాయనుని జూపిన, మరియొకరు యాజ్ఞవల్క్యుని జూపిరి. వాక్యమునకు వాక్యము, వ్యాఖ్యకు వ్యాఖ్య. కాని, ఓడనెక్కి, నెలల తరబడి ఉప్పునీటిమీద గడపి, ప్రాణములతో దిగి, తాను జూచినది చూచినట్లు వ్రాసిపెట్టిన మనుష్యుని సాక్ష్యమును విచారించినవారు తక్కువ. అట్టి సాక్షి యొకడు మనకు గలడు. అతడు మన దేశస్థుడు కాడు, వర్తకుడు కాడు, నావికుడును గాడు. డెబ్బదియేండ్ల ప్రాంతముననున్న భిక్షువు. సరకులు నింపుకొని పోవు వర్తకుల యోడలో చోటు సంపాదించుకొని యెక్కినవాడు. అతడు ఫాహియాను.

బడిపిల్లలందరకు నీ పేరు తెలియును. రెండవ చంద్రగుప్తుని కాలమున వచ్చెను, ఇక్కడి దండనలు తేలికవని వ్రాసెను, చండాలు రూరిబయట నుండిరని వ్రాసెను — ఇంతతో పాఠ్యపుస్తక మాతనిని పాటలీపుత్రముననే విడిచిపెట్టును. అయినను తరగతిలో నెవడో యొక కుఱ్ఱవాడు లేచి, "అయ్యా, ఆయన మరల ఇంటి కెట్లు పోయెను?" అని యడుగక మానడు. ఆ ప్రశ్నకు పుస్తకమున జవాబు లేదు. ఫాహియాను గ్రంథమున నున్నది. వచ్చినది నేలమీద, మరలినది నీటిమీద. ఆ మరలుటయే మా ప్రస్తుత విషయము.

ఆయన చీనాదేశమున షాన్సీ ప్రాంతమువాడు. చిన్ననాడే సంఘమున జేరెను. ఆనాటి చీనాలో బౌద్ధసూత్రములు చాలగలవు గాని, భిక్షువులు నడచుకొనవలసిన నియమములను దెలుపు వినయపిటక మసమగ్రముగా నుండెను. ఆ లోపము దీర్పవలెనని 399 లో కొందరు సహచరులతో చాంగాను నగరమును విడిచి, ఎడారిని, పామీరు కనుమలను దాటి, కాలినడకను మన దేశము జేరెను. తోడివారిలో నొకడు మంచుకొండలమీద మరణించెను. కొందరు వెనుకకు మరలిరి. తుదివరకు తోడుండిన దావోజెంగు మగధలోని భిక్షువుల నిష్ఠను జూచి యిక్కడనే నిలిచిపోయెను. ఉత్తరదేశమున వినయము గురువు నోటినుండి శిష్యుని చెవికి బోవుటయే గాని వ్రాతప్రతి లేకుండెను. పాటలీపుత్రమున దొరకెను. అక్కడ మూడేండ్లుండి సంస్కృతము నేర్చి, గ్రంథములను తన చేతితో వ్రాసికొనెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట పరభాష నేర్చి, దాని వ్యాకరణమునకు వెరవక గ్రంథములు గ్రంథములుగా నెత్తివ్రాసికొన్న ఈ వృద్ధుని, శబ్దమంజరి చూచి మొగము ముడుచు మన విద్యార్థులు తలచుకొనుట మంచిది.

ఆంధ్రదేశమువైపు ఆయన రాలేదు. దక్షిణాపథమున దారులు కఠినములనియు, అక్కడి రాజునకు కానుకలిచ్చినగాని దారిచూపు మనుష్యులు దొరకరనియు విని, విన్నమాటలే వ్రాసికొని యూరకుండెను. తామ్రలిప్తి రేవున రెండేండ్లు సూత్రములు వ్రాసికొనుచు, ప్రతిమల చిత్రములు దీసికొనుచు గడపి, చలికాలపు తొలిగాలికి ఒక పెద్ద వర్తకనావనెక్కి, పదునాలుగు రేబవళ్లలో సింహళము జేరెను. అక్కడనొకనాడు పచ్చరాతి బుద్ధవిగ్రహము ప్రక్కను, ఎవడో వర్తకుడు కానుకగా నుంచిన తెల్లపట్టు విసనకఱ్ఱ యొకటి కనబడెను. అది చీనాపట్టు. ఇల్లు విడిచి యన్నియేండ్లైనది. తోడివారందరును చెదరిపోయిరి లేదా చచ్చిరి. ఎదుట తన నీడ తప్ప వేరొకటి లేదు. కన్నీరు నిండినదని యాయనయే వ్రాసికొనెను. సరకు ముందే సముద్రము దాటి వచ్చి, మనిషి కింటిని జ్ఞాపకము చేసినది.

సింహళమున రెండేండ్లుండి, చీనాలో లేని మహీశాసక వినయమును, దీర్ఘాగమ సంయుక్తాగమములను సంపాదించి, 411 లో ఆయన స్వదేశాభిముఖుడై మరియొక వర్తకుల యోడనెక్కెను. ఇక్కడనొక సంగతి చెప్పవలెను. నేటి యంతర్జాతీయ నౌకానియమముల ప్రకారము పండ్రెండుగురకు మించి ప్రయాణికులను దీసికొనిపోవునది ప్రయాణికుల యోడ యనబడును. సరకుల యోడలో పండ్రెండుగురకు లోబడియే యుండవలెను. సంఖ్య మించెనా, ప్రాణరక్షణకు గావలసిన యేర్పాట్లును ఆ మేరకు మారవలసియుండును. ఫాహియాను ఎక్కిన యోడలో రెండువందలకు పైగా జనులు. రక్షణకై వెనుక త్రాటితో గట్టిన చిన్నపడవ యొకటి.

రెండు దినములు గాలి అనుకూలముగా వీచెను. పిమ్మట తుపాను. ఓడకు చిల్లిపడి నీరెక్కసాగెను. వర్తకులు చిన్నపడవలోనికి దుముకజూచిరి. ఆ పడవలో నున్నవారు, అందరును వచ్చి పడినచో తాము మునుగుదుమని, త్రాటిని కోసివైచిరి. అంతటితో రక్షణోపాయము తీరినది. ఇక నోడను తేలికచేయుటయే మిగిలెను. వర్తకులు భారమైన సరకులను సముద్రమున పాఱవైచిరి. ఫాహియానును తన కమండలువును, కడుగుకొను పళ్లెమును, మఱికొన్ని వస్తువులను పాఱవైచెను. ఆయన కొకటే భయము: వర్తకులు తన గ్రంథములను, ప్రతిమలను గూడ నీటిలో ద్రోయుదురేమో యని. అవలోకితేశ్వరుని తలచుకొనుచు కూర్చుండెను. గాలి పదుమూడు రేబవళ్లు తగ్గలేదు. తుద కొక దీవి తగిలెను. పోటు తీసిన పిమ్మట చిల్లి కనబడగా దానిని మూసి మరల సాగిరి.

సరకుల యోడ యనగా నేమో ఈ యొక్క దినమున తేటపడును. ఓడ సరకుకొఱకు పోవునది. మనిషి దానికి అనుబంధము. తుపానులో ప్రతివస్తువునకును రెండు తూనికలు వేయబడును: ఇది యెంత బరువు, ఎంత వెల? వర్తకుని మూటకు వెల గలదు గనుక దానిని పాఱవేయునప్పుడు వాని చేయి వణకును. వ్రాతప్రతికి బరువున్నది, సంతలో వెల లేదు. ఫాహియాను మొదట తన పాత్రలనే తీసి పాఱవేయుటలో భయభక్తులే కాక కొంత యుక్తియు గలదని మాకు తోచుచున్నది. ఈ భిక్షువు తన వంతు ఇచ్చినాడని పదుగురు చూచిన పిమ్మట ఆయన మూటమీదికి చేయి పోవుట కొంచెము కష్టము.

వర్తకులను కఠినులని దూరుటయు న్యాయము కాదు. వారు పాఱవైచిన సరకులో నప్పు తెచ్చిన సొమ్ముండెననుకొన్నను తప్పులేదు. యాజ్ఞవల్క్యస్మృతిలో అడవులబట్టి పోవు వర్తకుడు నూటికి పదియు, సముద్రముమీద బోవువాడు నూటికి ఇరువదియు వడ్డీ యియ్యవలెనని యున్నది. ఇది నెలకు. విని యాశ్చర్యపడవలసిన పనిలేదు. ఓడ మునిగినచో వడ్డీయు లేదు, అసలును లేదు, అప్పుతీసికొన్నవాడును లేడు. ఆ వడ్డీ సముద్రపు గండమునకు గట్టిన వెల.

తరువాతి తొంబది దినములను ఫాహియాను కొలది పంక్తులలో వ్రాసెనుగాని, చదివినవారు మఱవలేరు. సముద్రమునిండ దొంగలు, వారి చేత జిక్కినవాడు బ్రతుకడు. తూర్పు పడమరలు తెలియవు. సూర్యచంద్రులను, చుక్కలను జూచియే పోవలెను. మబ్బుపట్టినచో గాలి యెటు కొట్టుకొనిపోయిన నటే. లంగరు వేయుటకు అడుగు దొరకదు. చీకటిరాత్రులలో అలలు ఒకదానికొకటి కొట్టుకొని నిప్పువలె మెఱయుచుండెనట. ఈ మెఱుపు కవికల్పనము కాదు. నీటిలో నుండు సూక్ష్మజీవులు కదలించినప్పుడు వెలుగు జిమ్మునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన తీరమున బెస్తవారికి శాస్త్రము లేకయే తెలియును. కారణ మెఱుగకున్నను కన్నది కన్నట్లు వ్రాయుటవలననే ఆయన గ్రంథమునకు విలువ.

యవద్వీపమున దిగి, అక్కడ బ్రాహ్మణమతము వర్ధిల్లుచున్నదనియు, బౌద్ధము చెప్పదగినంత లేదనియు గమనించి, అయిదునెలలు గాలికై వేచియుండి, 412 లో చీనాపంచాంగపు నాల్గవనెల పదునాఱవ దినమున మఱియొక పెద్ద వర్తకుల యోడనెక్కెను. దీనియందును రెండువందలమంది. గ్వాంగ్‌జౌ రేవునకు ఏబది దినముల ప్రయాణమని యేబది దినములకే తిండి, నీరు నించుకొనిరి.

నెల గడచిన పిమ్మట నొకరాత్రి రెండవ జామున పెనుగాలియు, వానయు ముంచుకొనివచ్చెను. తెల్లవారెను. అప్పుడు ఓడలోని బ్రాహ్మణులు కూడి ఆలోచించిరి: ఈ శ్రమణు నెక్కించుకొనుటచేతనే మనకీ యాపద వచ్చినది, ఒక్కని కొఱకు మన మందఱము చావనేల, వీనిని ఏదైన దీవి యొడ్డున దింపిపోవుదము. ఆ సముద్రమున దీవి యనగా నేమో ఓడలోని వారందరకును తెలియును. అది దింపుట కాదు.

ఓడలో ఫాహియానునకు దానపతి యొకడుండెను. అనగా ఆయన ఖర్చు భరించి తోడుతెచ్చినవాడు. అతడు లేచి, ఈ భిక్షువును దింపెదరేని నన్నును దింపుడు, లేకున్న చంపుడు. అట్లుగాక ఈయనను మాత్రము దింపిపోయితిరా, చీనానేల ముట్టినవెంటనే రాజునొద్దకు బోయి మీరు చేసినది చెప్పెదను. అక్కడి రాజు బుద్ధుని బిడ్డ, భిక్షువులను గౌరవించువాడు, అనెను. వర్తకులు వెనుకముందాడిరి. దింపలేదు.

ఈ ఘట్టమును బట్టి బ్రాహ్మణమతమును నిందించి తృప్తిపడువారుందురు. మా కట్లు తోచదు. మొదటి యోడయొద్ద చిన్నపడవ త్రాటిని కోసినవారికి ఏ మతమును కారణము కాదు, ప్రాణభీతియే కారణము. రెండవ యోడలో ఆ భీతికి అపశకునమను పేరు దొరకినది, అంతియ. కాని మాకు ముఖ్యముగా దోచున దింకొకటి గలదు. 412 లో యవద్వీపమునుండి చీనాకు బోవు సరకుల యోడలో బ్రాహ్మణులుండిరి. ఒకరిద్దరు కాదు, కూడి యాలోచించి యోడకు బుద్ధిచెప్పగలిగినంతమంది. అన్యజాతులతో, ఒకే నీటిపీపాయిని పంచుకొనుచు నెలలు గడపినవారు. వారికి సముద్రము పాపముగా దోచలేదు. భిక్షువు పాపముగా దోచెను.

ధర్మశాస్త్రములలో నిషేధము లేదని మేము చెప్పబోము; ఉన్నది. బౌధాయనుడు సముద్రయానమును పతనీయములలో లెక్కించెను. అయితే ఆ బౌధాయనుడే మఱియొకచోట, ఉన్ని యమ్ముట మొదలగువానితోపాటు దానిని ఉత్తరదేశపువారి యాచారములలో జేర్చెను. మనువు సముద్రయాయిని శ్రాద్ధమునకు పిలువగూడదనెను. పిలువగూడదని విధింపవలసివచ్చినదనగా, పిలువదగిన యింట బుట్టియు ఓడలమీద బోవువారు ఊళ్లలో నుండిరనియే కదా యర్థము. ఆ మనుస్మృతియే, సముద్రయానమున నేర్పరులైనవారు నిర్ణయించిన వడ్డీయే ప్రమాణమని వేఱొకచోట చెప్పుచున్నది. ప్రాయశ్చిత్తము చేసికొన్నను సముద్రము దాటిన ద్విజుని చేర్చుకొనరాదను కఠినవిధి కలివర్జ్యముల పట్టికలలో జేరి, పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రివంటి నిబంధకారుల వలన ప్రబలెను. ఫాహియాను ఓడకును ఈ పట్టికల ప్రాబల్యమునకును నడుమ ఎనిమిదివందల యేండ్లు గలవు.

ఆ పదుమూడవ శతాబ్దిలోనే, దేవగిరికి పొరుగుననున్న కాకతీయరాజ్యమున, గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున నొక శాసనము వేయించెను. శాలివాహన శకము 1166, అనగా క్రీస్తుశకము 1244-45. పూర్వపు రాజులు, తుపానుచే గొట్టుకొనివచ్చి పగిలి యొడ్డునబడిన యోడల సొత్తునంతను బలాత్కారముగా దీసికొనుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే గొప్పయని యెంచి సముద్రసాహసము చేసినవారియెడ దయతో, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు తాము విడిచిపెట్టుచున్నామనియు దాని భావము. సుంకము ముప్పదింట నొకవంతు. ఓడ పగిలినవాడు ఒడ్డున దొంగలపాలు కాకుండుటకు ఆ రాజు పూచీపడినాడు. ఒక రాజ్యమున మంత్రి, సముద్రము దాటినవానిని చేర్చుకొనరాదని వ్రాయుచుండగా, ప్రక్కరాజ్యమున రాజు, రండు, మీ కభయమని రాతిమీద జెక్కించెను. ఏది శిష్టాచారము? మన సంస్కర్తలు స్మృతివాక్యములలో వెదకినదానికి జవాబు మోటుపల్లి వీరభద్రాలయపు మండపములో స్తంభముమీద నున్నది.

తెలుగుతీరమున సముద్రవిద్య గణపతిదేవునితో మొదలైనది కాదు. శాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల యోడ బొమ్మ గలదు. కృష్ణాముఖద్వారమున ఘంటసాలయందు దొరకిన ప్రాకృతశాసనమొకటి శివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. నాగార్జునకొండపై సింహళవిహారముండెను. ఫాహియాను కృష్ణాతీరమునకు రాకపోయినను, ఆయన యెక్కిన యోడలవంటివి ఈ రేవులకు క్రొత్తవి కావు.

అయితే మోటుపల్లి యభయము సరకుగలవానికి. సరకులేనివాని మాట యేమి? ఈ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దపు గోదావరి, విశాఖ తీరములలో జవాబు వెదకవలెను. 1856 లో వేఱుపేరుతో బుట్టి 1862 నుండి బ్రిటిషిండియా స్టీము నావిగేషను కంపెనీ యనబడిన సంఘముయొక్క పొగయోడలు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి తెలుగు కూలీలను డెక్కుమీద నెక్కించుకొని రంగమునకు దీసికొనిపోవుచుండెను. వారికి గదిలేదు, పడకలేదు. ఇనుప డెక్కుమీద చాప పఱచుకొన్నంత చోటు. అక్కడికి బోయి వారు చేయు పని పరుల సరకును ఓడల కెక్కించుట, దింపుట. మన కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగుకూలీకి పేరైనది. 1930 మే నెలలో రంగము రేవున కూలిహెచ్చు కోరి వారు పని మానగా, వారి చోట బర్మావారిని బెట్టి, పిదప రాజీపడి ఆ బర్మావారిని తొలగింపగా, ఉభయులకు పోరు పుట్టి నెత్తురు పాఱెను. తెలుగువారు పలువురు చచ్చిరి. సరకుకంటె చవుకయైన మనిషిమీదనే మొదటి దెబ్బ పడుట ఇక్కడను గాంచుచున్నాము. వారియెడ దానపతివలె లేచి, ఒడ్డు చేరిన పిమ్మట జవాబు చెప్పవలసియుండునని గట్టిగా ననినవా డా రేవున లేకపోయెను. ఆ యోడలమీద బోయినవారి స్వంతమాట గ్రంథముల కెక్కినది బహుస్వల్పము. పదునాఱువందల యేండ్లనాటి చీనాభిక్షువు ప్రయాణము దినముల లెక్కతో మనకు తెలియును. మన తాతలనాటి కోరంగివాని ప్రయాణము పాటలలోను, ముసలమ్మల ముచ్చటలలోను వెదకికొనవలసియున్నది.

ఇక మన భిక్షువు నడిసముద్రమున నున్నాడు, ఆయనను గట్టెక్కింతము. దినములు తరబడి మబ్బు విడువలేదు. మార్గదర్శి దారి తప్పెను. డెబ్బది దినములు దాటినను నేల కనబడలేదు. తిండియు, నీరును అడుగంటెను. వంటకు సముద్రపునీరు వాడిరి. మంచినీరు మనిషికి రెండు షెంగుల చొప్పున పంచిరి. మన లెక్కకు అరలీటరునకు లోపు. వర్తకులు తమలో తాము లెక్కవేసికొని, ఏబది దినములలో జేరవలసినచో ఇన్ని దినములైనను చేరలేదు, దారి తప్పితిమని తెలిసికొని, వాయవ్యముగా నోడను ద్రిప్పిరి. పండ్రెండు రేబవళ్లకు లావోషాను కొండ దక్షిణపుటొడ్డు తగిలెను. మంచినీరు, ఆకుకూరలు దొరకెను.

అది యే దేశమో యెవరికి దెలియలేదు. ఫాహియానునకు ఒడ్డుననున్న ఆకుకూర యొకటి కనబడెను. చిన్ననాడు తిన్న కూర. ఇది చీనానేలయే యని తెలిసికొనెను. కొందరు గ్వాంగ్‌జౌ ఇంకను రాలేదనిరి, కొందరు దాటిపోయితిమనిరి. చిన్నపడవలో నొక పాయలోనికి బోగా ఇద్దరు వేటగాండ్రు దొరకిరి. వారితో మాటాడుటకు భిక్షువునే ముందుంచిరి. మునుపు దీవిమీద దింపదలచిన వానియొక్క నాలుక ఇప్పుడోడకంతకు నక్కఱకు వచ్చెను. మీరెవరని యడుగగా, ఆ వేటగాండ్రు భిక్షువు వేషము చూచి, మేము బుద్ధుని శిష్యులమనిరి. కొండలో నేమి వెదకుచున్నారన, రేపు ఏడవనెల పదునైదవ దినము గనుక బుద్ధునికి నైవేద్యము పెట్టుటకు పండ్లు కోయవచ్చితిమనిరి. అబద్ధమని ఫాహియానే వ్రాసెను. కాని యా యబద్ధమువలన మనకు తేదీ తెలిసినది: బయలుదేరి మూడునెలలకు రెండుదినములు తక్కువ. ఏబది దినముల తిండితో.

అక్కడి యధికారి బుద్ధభక్తుడు. భిక్షువు గ్రంథములతో, ప్రతిమలతో సముద్రము దాటివచ్చెనని విని ఒడ్డునకు వచ్చి ఎదుర్కొనెను. వర్తకులు తమ సరకుతో యాంగ్‌జౌవైపు మరలిపోయిరి. ఆ సరకేమో ఫాహియాను ఎక్కడను వ్రాయలేదు. దానపతి పేరును వ్రాయలేదు. తరువాత ఆయన దక్షిణమున జియాన్‌కాంగు నగరమునకు బోయి, బుద్ధభద్రుడను భారతీయ భిక్షువుతో గలిసి, పాటలీపుత్రమున వ్రాసికొన్న మహాసాంఘిక వినయమును 416 మొదలు 418 వఱకు చీనాభాషలోనికి దెచ్చెను. సింహళమున సంపాదించిన మహీశాసక వినయము ఆయన జీవితకాలమున భాషాంతరము కాలేదు. ఆయన మరణించిన పిమ్మట, 423-24 లో, కాశ్మీరమునుండి వచ్చిన బుద్ధజీవుడు దానిని చీనాభాష చేసెను. ఆ ప్రతి రెండోడలును ఎక్కి దిగినది.